సలహాకు కావలసిన దూరం



1998 జూన్‌లో ఇంటెలిజెన్స్ బ్యూరో డైరెక్టర్ సంతకంతో ఒక నివేదిక ఢిల్లీలో కొన్ని కార్యాలయాలకు వెళ్లింది. కార్గిల్‌కు ఎదురుగా, నియంత్రణ రేఖకు అవతల, పాకిస్తాన్ వైపు కదలికలు పెరిగాయన్నది అందులోని సారాంశం. ఆ నివేదిక ప్రధానమంత్రికి, హోంమంత్రికి, కేబినెట్ కార్యదర్శికి, హోం కార్యదర్శికి, సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్‌కు చేరింది. విదేశీ గూఢచర్యం చూసే రా అధిపతికి చేరలేదు. అన్ని సంస్థల సమాచారాన్నీ ఒకచోట పోగుచేసి బేరీజు వేయవలసిన జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్‌కు చేరలేదు. సైనిక నిఘా విభాగం అధిపతికీ చేరలేదు. పైవాళ్లకు పంపాం కదా, అక్కడి నుంచి కిందికి అదే దిగుతుంది అనుకున్నారు. ఏడాది తిరక్కుండానే, 1999 మే మొదటి వారంలో, కొండల మీద చొరబాటుదారులు తిష్ఠ వేశారన్న కబురు మొదట పశువుల కాపరుల నోట వచ్చింది. ఆ కొండలను తిరిగి తెచ్చుకోవడానికి 527 మంది సైనికులు ప్రాణాలిచ్చారు.

ఈ వివరాలు మనకు తెలిశాయంటే, కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కార్గిల్ సమీక్షా సంఘమే కారణం. 1999 జూలై 29న ఏర్పడిన ఆ సంఘం డిసెంబరులో నివేదిక ఇచ్చింది. 2000 ఫిబ్రవరిలో, కొన్ని భాగాలు తొలగించి, ప్రభుత్వం దాన్ని పార్లమెంటు ముందు పెట్టింది. జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీని ఎవరూ లెక్కచేయని స్థితికి తెచ్చారనీ, దాని ఛైర్మన్ పదవి నెలల తరబడి భర్తీ కాలేదనీ ఆ నివేదిక రాసింది. మంచు కప్పిన ఆ ఎత్తుల్లో ఎవరూ పెద్ద సంఖ్యలో చొరబడలేరన్న నమ్మకం మన యంత్రాంగంలో పాతుకుపోయిందని కూడా చెప్పింది. అంటే ఇక్కడ జరిగినవి రెండు తప్పులు. చేరవలసిన కాగితం చేరవలసిన చోటికి చేరకపోవడం ఒకటి, అందరూ నమ్మిన మాటను ఎవరూ ప్రశ్నించకపోవడం రెండోది. మొదటి తప్పు సమన్వయం కుదిరితే పోతుంది. రెండో తప్పు పోవాలంటే సలహా కావాలి, అదీ ఆ నమ్మకంలో పాలుపంచుకోని వాళ్ల సలహా. సమన్వయం, సలహా వేర్వేరు పనులనీ, రెండింటినీ ఒకే కుర్చీకి అప్పగిస్తే ముందుగా దెబ్బతినేది సలహాయేననీ నా అభిప్రాయం. మన జాతీయ భద్రతా సలహా బోర్డును దృష్టిలో పెట్టుకుని ఆ మాటకు ఆధారాలు చూపిస్తాను.

ముందు ఈ వ్యవస్థ ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్పాలి. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం ఒక జాతీయ భద్రతా మండలిని ప్రకటించింది. అది ఒకే ఒక్కసారి సమావేశమై ఆగిపోయింది. 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగాక, అణ్వస్త్రాలున్న దేశానికి భద్రత గురించి నిలకడగా ఆలోచించే ఏర్పాటు లేకపోతే ఎలా అన్న ప్రశ్న తప్పించుకోలేనిదయింది. కె.సి. పంత్ నాయకత్వంలోని కార్యబృందం ఇచ్చిన సూచనల మీద వాజపేయి ప్రభుత్వం 1998 నవంబరు 19న ఇప్పటి మండలిని ఏర్పరచింది. ప్రధానమంత్రి అధ్యక్షులు, హోం, రక్షణ, విదేశాంగ, ఆర్థిక మంత్రులు సభ్యులు. ఆ మండలికి కింద మూడు అంచెలు పెట్టారు. త్రివిధ దళాధిపతులూ కార్యదర్శులూ కూర్చునే వ్యూహాత్మక విధాన బృందం ఒకటి. నిఘా సమాచారాన్ని మదింపు చేసే సచివాలయం ఒకటి. ప్రభుత్వం వెలుపలి నిపుణులతో కూడిన సలహా బోర్డు మూడోది. మొదటి బోర్డుకు సుబ్రహ్మణ్యం కన్వీనరు. విశ్రాంత సేనానులు, రాయబారులతో పాటు శాస్త్రవేత్తలు, ఆర్థికవేత్తలు, పాత్రికేయులు కూడా అందులో ఉన్నారు. మన హైదరాబాదు నుంచి వెళ్లిన ఆర్థిక పాత్రికేయుడు సంజయ బారు కూడా తొలినాళ్లలో ఆ బోర్డు సభ్యుడే. ఈ బోర్డు ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వలేదు. ఒక్క జవానును కదిలించలేదు, ఒక్క రూపాయి మంజూరు చేయలేదు. అయినా దాన్ని ఎందుకు పెట్టుకున్నట్టు?

ప్రతి శాఖా తాను చేసే పని నుంచే లోకాన్ని చూస్తుంది. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. సైన్యం తన దగ్గరున్న బలగాలతో ఏం చేయగలదో ఆలోచిస్తుంది, ఆర్థిక శాఖ ఎంత ఖర్చవుతుందో చూస్తుంది, విదేశాంగ శాఖ రేపటి చర్చలు చెడకుండా చూసుకుంటుంది, నిఘా సంస్థ తన వేగుల భద్రతను కాపాడుకుంటుంది. ప్రతి ఒక్కరూ తమ పనిని నిజాయితీగా చేసినా, మధ్యలో కొన్ని ప్రశ్నలు అనాథలుగా మిగిలిపోతాయి. అవి ఎవరి పరిధిలోకీ రావు. వాటిని అడిగితే తన శాఖ గత నిర్ణయాన్ని తానే తప్పుపట్టినట్టవుతుంది గనుక ఉద్యోగంలో ఉన్నవాడు అడగడానికి జంకుతాడు. పదోన్నతి కోసం ఎదురుచూడని మనిషి, మరుసటి ఉదయం అదే మంత్రి ఎదుట ఫైలు పట్టుకుని నిలబడనక్కరలేని మనిషి, ఆ ప్రశ్న అడగగలడు. బోర్డుకున్న బలమంతా ఆ దూరంలోనే ఉంది.

ఇక్కడ ఒక సందేహం న్యాయంగానే వస్తుంది. సలహా బోర్డు 1998 డిసెంబరులోనే ఏర్పడింది కదా, చొరబాటుదారులు కొండలెక్కుతున్న ఆ చలికాలంలో అది ఏం చేసింది? ఏమీ చేయలేకపోయింది. అప్పటికి దాని వయసు కొన్ని నెలలే, రోజువారీ నిఘా సమాచారం చూడడం దాని పనీ కాదు. ఊరి కావలివాడు చేయవలసిన పనిని బోర్డు నుంచి ఆశించకూడదు. ఆ గోడ ఎక్కడం ఎవరి తరమూ కాదని ఊరంతా నిద్రపోతున్నప్పుడు, గోడ ఎత్తు చివరిసారి ఎవరు కొలిచారని అడగడమే దాని పని. ఆ ప్రశ్నకు ఫలితం ఒక్క రాత్రిలో కనబడదు. అందుకే బోర్డు విలువను ఒక సంఘటనతో తూచలేం, అది ఇచ్చిన కాగితాలూ వాటికి పట్టిన గతీ చూసి తూచాలి.

అలాంటి కాగితాల్లో మనకు తెలిసినది అణు విధాన ముసాయిదా. 1999 ఆగస్టు 17న అది బయటికి వచ్చింది. అణ్వస్త్రాన్ని మనం ముందుగా ప్రయోగించం, శత్రువు వెనకాడడానికి సరిపోయినంత కనీస సామర్థ్యం మాత్రం ఉంచుకుంటాం అన్నవి దానిలోని మూల సూత్రాలు. ముసాయిదా బహిరంగం కాగానే దేశంలోనూ బయటా విమర్శలు చెలరేగాయి. ఇది ప్రభుత్వ విధానం కాదని ప్రభుత్వమే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. మూడేళ్లు దాటాక, 2003 జనవరి 4న, భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ అధికారిక విధానాన్ని ప్రకటించింది. ముందుగా ప్రయోగించం అన్న సూత్రాన్ని నిలబెట్టింది. కానీ జీవ, రసాయనిక ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వస్త్రంతో బదులిచ్చే అవకాశాన్ని అట్టిపెట్టుకుంటామని చేర్చింది. ఆజ్ఞ ఇచ్చే అధికారం రాజకీయ నాయకత్వానిదేనని స్పష్టం చేస్తూ అణు కమాండ్ అథారిటీని ప్రకటించింది. ఈ క్రమాన్ని నిదానంగా గమనించండి. బయటివాళ్లు రాశారు, ప్రజలు చదివారు, దేశదేశాల వాళ్లు విమర్శించారు, ఎన్నికైన ప్రభుత్వం కొంత తీసుకుంది, కొంత మార్చింది, తన పేరు మీద ప్రకటించింది. సలహా ఇచ్చినవాళ్లు నిర్ణయం చేయలేదు, నిర్ణయం చేసినవాళ్లు సలహాను మింగేయలేదు. మన భద్రతా చరిత్రలో ఒక సలహా ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో పౌరుడు అడుగడుగునా చూడగలిగిన సందర్భం ఇంకొకటి వెతికితే దొరకడం కష్టం. నాకైతే ఆ ముసాయిదాలోని ఒక్కొక్క వాక్యం కంటే, అది నడిచివచ్చిన ఈ దారే విలువైనదిగా తోస్తుంది.

దూరం చెరిగిపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ జాతీయ భద్రతా మండలి 1947 నాటి చట్టంతో ఏర్పడింది. ఐసెన్‌హోవర్ దానికి పకడ్బందీ క్రమాన్ని అలవరిస్తే, 1961లో అధ్యక్షుడిగా వచ్చిన కెన్నెడీ ఆ సంఘాలనూ తతంగాన్నీ చాలావరకు రద్దుచేశాడు. ఆ ఏప్రిల్‌లోనే క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దండయాత్ర ఘోరంగా విఫలమైంది. ఆ పథకం మీద అనుమానం ఉన్న సలహాదారులు కొందరు అధ్యక్షుడి సమక్షంలో నోరు మెదపలేదు. వారిలో ఒకరైన చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ తన మౌనానికి తర్వాత బహిరంగంగానే విచారించాడు. మరుసటి ఏడాది అక్టోబరులో క్యూబాలో సోవియట్ క్షిపణులు కనబడ్డప్పుడు కెన్నెడీ వేరే దారి పట్టాడు. ఒక చిన్న బృందాన్ని రోజుల తరబడి వాదించుకోనిచ్చాడు. తన ఎదుట జంకుతారేమోనని కొన్ని సమావేశాలకు కావాలనే వెళ్లలేదు. మొదట వైమానిక దాడి వైపు మొగ్గిన బృందం చివరికి నౌకా దిగ్బంధం దగ్గర ఆగింది. ప్రపంచం అణుయుద్ధం అంచు నుంచి వెనక్కి వచ్చింది. మనుషులు చాలావరకు వాళ్లే. వాళ్లు మాట్లాడడానికి దొరికిన చోటు మారింది.

అదే దేశంలో 1980ల నాటి ఇరాన్–కాంట్రా వ్యవహారం ఇంకో వైపు చూపిస్తుంది. సలహా ఇవ్వవలసిన భద్రతా మండలి సిబ్బందే రహస్యంగా ఇరాన్‌కు ఆయుధాల అమ్మకం నడిపించి, వచ్చిన సొమ్మును నికరాగ్వా తిరుగుబాటుదారులకు మళ్లించారు. ఆ తిరుగుబాటుదారులకు సాయం చేయకుండా అమెరికన్ కాంగ్రెస్ ఆంక్షలు పెట్టి ఉంది. అప్పటి జాతీయ భద్రతా సలహాదారు రాజీనామా చేయవలసి వచ్చింది. 1987 ఫిబ్రవరిలో టవర్ కమిషన్ ఇచ్చిన నివేదిక, సలహాదారు సలహాకూ సమన్వయానికీ పరిమితం కావాలనీ, కార్యాచరణలోకి దిగకూడదనీ తేల్చింది. పని తానే చేసినవాడు ఆ పని మంచిచెడ్డలను నిష్పక్షపాతంగా ఎలా చెప్పగలడు? అంతకంటే పెద్ద తెలివి ఏదీ ఆ నివేదికలో అక్కరలేకపోయింది.

మన దగ్గరికి వద్దాం. తొలి జాతీయ భద్రతా సలహాదారు బ్రజేశ్ మిశ్రా ప్రధానమంత్రికి ముఖ్య కార్యదర్శి కూడా. ఆయన సమర్థతను శంకించినవాళ్లు తక్కువ. అయినా ఒకే వ్యక్తికి ఆ రెండు బాధ్యతలు తగవనీ, పూర్తికాలపు సలహాదారు ఉండాలనీ కార్గిల్ సమీక్షా సంఘం చెప్పింది. 2004లో జె.ఎన్. దీక్షిత్ నియామకంతో ఆ పదవులు విడిపోయాయి. తర్వాత కాలంలో సలహాదారు కార్యాలయం క్రమంగా బలపడింది. 2018లో వ్యూహాత్మక విధాన బృందం అధ్యక్షత కేబినెట్ కార్యదర్శి నుంచి జాతీయ భద్రతా సలహాదారుకు మారింది. జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ కూడా భద్రతా మండలి సచివాలయంలో కలిసిపోయింది. సమన్వయం దృష్టితో చూస్తే ఇది మంచి మార్పే. 1998 జూన్ నాటి నివేదికలాంటిది ఇవాళ దారితప్పడం కష్టం. కార్గిల్ నేర్పిన మొదటి పాఠాన్ని మనం నేర్చుకున్నామనే నేను అంటాను.

రెండో పాఠం సంగతి అలా కాదు. సలహాదారు కార్యాలయం పెరిగినకొద్దీ సలహా బోర్డు కుంచించుకుపోయింది. 2015 జనవరిలో గడువు తీరిన బోర్డును తిరిగి ఏర్పరచడానికి 2016 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో బోర్డు లేదన్న లోటు ఎవరికైనా తెలిసిందా? కొత్త బోర్డు ఏర్పడినప్పుడు మాజీ రాయబారి పి.ఎస్. రాఘవన్ సారథ్యంలో నలుగురే ఉన్నారు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనబెట్టుకున్నారు, ఆ మృతుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఎనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 30న, రా మాజీ అధిపతి ఆలోక్ జోషి అధ్యక్షతన బోర్డును పునర్వ్యవస్థీకరించారు. అప్పుడు ప్రకటించిన ఏడుగురిలో, జోషి కాక, ముగ్గురు సాయుధ దళాల నుంచి, ఇద్దరు పోలీసు సర్వీసు నుంచి, ఒకరు విదేశాంగ సర్వీసు నుంచి వచ్చినవారు. అందరూ అనుభవజ్ఞులే, వారి సేవ పట్ల నాకు గౌరవం ఉంది. కానీ వారంతా ఏ యంత్రాంగం నమ్మకాలను ప్రశ్నించాలో ఆ యంత్రాంగంలోనే జీవితమంతా గడిపినవారు. తొలి బోర్డులో కనబడిన ఆర్థికవేత్త, శాస్త్రవేత్త, పాత్రికేయుడు ఈ జాబితాలో లేరు. విద్యుత్ గ్రిడ్ మీద సైబర్ దాడి, అరుదైన ఖనిజాల కోసం ఒకే దేశం మీద ఆధారపడడం, హిమాలయ నదుల నీరు, ఇవన్నీ ఇవాళ భద్రతా సమస్యలే. వాటిని చదివినవాళ్లు బయట ఉన్నారు.

మన తీరం సంగతే తీసుకోండి. 2008 నవంబరు 26న పదిమంది ఉగ్రవాదులు సముద్రం మీదుగా ముంబైలో దిగి 166 మందిని చంపారు. సముద్రం వైపు నుంచి దాడి రావచ్చన్న హెచ్చరికలు ముందే ఉన్నాయని తర్వాత బయటపడింది. అటు తర్వాత తీర రక్షణకు మొత్తంమీద బాధ్యత నౌకాదళానికి అప్పగించారు. విశాఖపట్నంలోనూ సంయుక్త కార్యకలాపాల కేంద్రం ఏర్పాటైంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరమంతా మెరైన్ పోలీసు స్టేషన్లు వెలిశాయి. అయితే సముద్రం కేంద్రానిది, పోలీసు రాష్ట్రానిది, పడవ మత్స్యకారుడిది. మెరైన్ పోలీసు స్టేషన్ పడవకు డీజిల్ ఉందా, నడపడం వచ్చినవాడు ఉన్నాడా? వేటకు వెళ్లిన మత్స్యకారుడు కొత్త పడవను చూస్తే ఎవరికి చెప్పాలో అతడికి తెలుసా? చెప్పాక స్టేషన్ చుట్టూ తిప్పుకుంటారన్న భయం అతడికి లేదా? ఇవి నౌకాదళం పద్దులో కనబడవు, హోం శాఖ పద్దులోనూ కనబడవు. తీర గ్రామాలను ఎరిగినవాడు, సముద్ర ఆర్థిక వ్యవస్థను చదివినవాడు ఒక్కరైనా బోర్డులో ఉంటే ఈ ప్రశ్నలు ప్రధానమంత్రి బల్ల దాకా వెళతాయి.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. అందరికంటే గట్టిగా వినిపించేది రహస్యం. బయటివాళ్లకు దేశ రహస్యాలు చూపిస్తే అవి నిలుస్తాయా అని అడుగుతారు. జవాబు సుబ్రహ్మణ్యం సంఘంలోనే ఉంది. అందులో బి.జి. వర్గీస్ అనే పాత్రికేయుడు సభ్యుడు. వాళ్లు సేనల, నిఘా సంస్థల పత్రాలు చూశారు, పెద్ద పదవుల్లో ఉన్నవారిని ప్రశ్నించారు. అచ్చువేసినప్పుడు తీసేయవలసినవి తీసేశారు. దేశానికి నష్టం జరగలేదు, మేలు జరిగింది. పైగా అన్ని రహస్యాలూ చూపించవలసిన అవసరమూ లేదు. ఫలానా వేగు పేరు తెలియకుండానే ఫలానా అంచనా ఎంత బలహీనమో చెప్పవచ్చు.

ప్రజలు ఎన్నుకోని వాళ్ల మాటకు అంత విలువ ఎందుకని ఇంకొందరు అంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయకూడని మాట. నిపుణుల పేరు చెప్పి ప్రజాప్రతినిధులను పక్కకు నెట్టిన సందర్భాలు లోకంలో ఉన్నాయి. కానీ ప్రమాదం నిపుణుడి చేతికి అధికారం ఇచ్చినప్పుడు వస్తుంది. బోర్డుకు మనం అడుగుతున్నది అధికారం కాదు, జవాబు. బోర్డు ఇచ్చిన నివేదికను మండలి ఒప్పుకోవచ్చు, తోసిపుచ్చవచ్చు. ఏది చేసినా ఎందుకో నిర్ణీత గడువులో రాతపూర్వకంగా చెప్పాలి. అలా చెప్పించడం ఎన్నికైనవారి బాధ్యతను పెంచుతుంది. ఇవాళ సలహాను తిరస్కరించామని చెప్పనక్కరలేదు, అసలు చదివామని కూడా చెప్పనక్కరలేదు. ఇదంతా సంక్షోభంలో నిర్ణయాలను ఆలస్యం చేస్తుందనే భయానికి మాత్రం ఆధారం లేదు. దాడి జరిగిన రాత్రి నిర్ణయం కేబినెట్ కమిటీది, బోర్డును ఎవరూ పిలవరు, పిలవకూడదు కూడా.

ఇక చేయవలసినదేమిటి? మండలి గానీ బోర్డు గానీ పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడినవి కావు, ప్రభుత్వ నిర్ణయంతో ఏర్పడినవి. అందుకే బోర్డు ఒక ఏడాది లేకపోయినా అడిగే నాథుడు లేడు. దానికి చట్టబద్ధమైన కాలపరిమితి కావాలి, ప్రభుత్వం మారినా మధ్యలో తెగని కాలపరిమితి. సభ్యుల్లో కనీసం సగం మంది సేనలు, పోలీసు, నిఘా, విదేశాంగ సర్వీసుల వెలుపలివారై ఉండాలి. బోర్డు అధ్యక్షుడికి ఏడాదికి రెండుసార్లయినా, మధ్యలో ఎవరి వడపోతా లేకుండా, మండలి ముందు నేరుగా మాట్లాడే హక్కు ఉండాలి. మనకు ఇప్పటికీ ప్రచురితమైన జాతీయ భద్రతా వ్యూహ పత్రం లేదు. అణు విధానంలో జరిగినట్టే, దాని తొలి ముసాయిదా రాసే పని బోర్డుకు ఇవ్వవచ్చు. ప్రజలు విమర్శిస్తారు, ప్రభుత్వం దిద్దుకుంటుంది, చివరి మాట ప్రభుత్వానిదే అవుతుంది.

చట్టం దాకా ఆగకుండా రేపే మొదలుపెట్టగలిగినది ఒకటుంది. పార్లమెంటు స్థాయీసంఘాలు ఏటా శాఖల పద్దులు పరిశీలిస్తాయి. భద్రతా మండలి సచివాలయం పద్దు వచ్చినప్పుడు సభ్యులు మూడు అంకెలు అడగవచ్చు. గడిచిన ఏడాదిలో సలహా బోర్డు ఎన్నిసార్లు సమావేశమైంది, ఎన్ని నివేదికలు ఇచ్చింది, వాటిలో ఎన్నింటికి మండలి నుంచి రాతపూర్వకమైన జవాబు వచ్చింది. నివేదికల్లో ఏముందో అడగనక్కరలేదు. ఆ మూడు అంకెలు చెప్పడానికి ఏ రహస్యమూ బయటపెట్టవలసిన పని లేదు.